నాలుగు కిలోమీటర్ల కారు

“ఒక గంట తిప్పుకు రండి సార్, నేను చెప్పడం దేనికి, మీకే తెలుస్తుంది” అని పాత కార్లు అమ్మే ఆయన తాళం చేతిలో పెట్టి, అప్పుడే గేట్లోకి అడుగుపెట్టిన ఇంకో బేరం వైపు నడిచిపోయాడు. తిప్పుకు రండి. అందరూ అనే మాటే, కారైనా స్కూటరైనా తిప్పుకు రమ్మనే అంటారు, కానీ ఈ పెద్దమనిషి చెవిలో అది ముల్లులా దిగబడిపోయింది, ఎందుకంటే ముప్ఫై ఏళ్లు బండి నడిపినవాడే అయినా ఒక్కసారి కూడా తిప్పి ఎరగడు. రైలును ఎవరు తిప్పుతారు? తిప్పలు పడటమే గానీ తిప్పడమన్నది లేని ఉద్యోగం అది. పట్టాలు ఎటు వంగితే అటు, ఎక్కడో గదిలో కూర్చున్నవాడు ఏ లైను ఇస్తే ఆ లైను, తన చేతిలో ఉన్నవల్లా పోవడం, ఆగడం, కూత పెట్టడం. ఇప్పుడు ఆ చేతుల్లోనే ఒక గుండ్రటి చక్రం, దాని మీద ఎవరెవరి అరచేతులో అరగదీసిన నల్లటి నునుపు, అటు తిప్పితే అటు పోతుందట, ఇటు తిప్పితే ఇటట. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నాడు, లైసెన్సు కూడా వచ్చింది, ఆ లైసెన్సు నెలల తరబడి ఈ చొక్కా జేబులోంచి ఆ చొక్కా జేబులోకి మారుతోంది తప్ప రోడ్డు మీదకు రాలేదు. స్కూలు కారులో నేర్పేవాడి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉండేది, దాన్ని నమ్ముకుని నడిపాడు. ఇందులో అది లేదు. పక్క సీట్లో ఉన్నది భార్య, ఆవిడ కాళ్ల దగ్గర ఉన్నది ఆవిడ చేతిసంచి. భయమని పైకి చెప్పుకోలేడు, ఏనుగునెక్కి తిరిగినవాడికి మేకపిల్లంటే భయమా అని నలుగురూ నవ్విపోతారు. ఈ గంటలో తేల్చుకోవాలి. తల అడ్డంగా ఊపి తాళం తిరిగి ఇచ్చేశాడా, ఈ జన్మలో మళ్లీ కార్ల షెడ్డు గడప తొక్కడు, ఆ సంగతి ఆయనకి తెలుసు, అంతకంటే బాగా పక్కనున్నావిడకి తెలుసు.

అసలు చూడ్డానికి వచ్చింది ఈ కారు కాదు. అల్లుడు ఎంచి పెట్టింది అదుగో, నీడపట్టున నిలబెట్టిన తెల్లకారు, పొడుగ్గా, గేర్లు మార్చే పనిలేకుండా, నలుగురు కాళ్లు బార్లా చాపుకునేట్టుగా ఉన్నది. అల్లుడు మంచివాడే, ఏదైనా సరే కారణాలతో సహా చెబుతాడు, పెట్రోలు ఎంత తాగుతుంది, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది అని. కొనకముందే అమ్మే సంగతి ఆలోచించగల మనిషి. భార్య ఆ తెల్లకారు చుట్టూ ఓసారి తిరిగి, తలుపు తీసి, సీటు నొక్కి చూసి, “ఆస్పత్రి మంచంలా ఉంది” అనేసింది. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, ఆవిడ మాటకీ కత్తెర పదునే, ఒకసారి తెగిందంటే ఇక అతకదు. షెడ్డు చివర టైర్ల గుట్ట పక్కన ఉన్న ఈ చిన్నదాన్ని చూసింది కూడా ఆవిడే, రెండే తలుపులు, నూరిన ఆవాల రంగు, ముందు దీపాలు గుండ్రంగా, ఏదో చిలిపి పని చేసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డ పిల్లదాని మొహం. వయసు పన్నెండేళ్లు, ధర తెల్లదాంట్లో సగం, తలుపు వెయ్యాలంటే కాస్త పైకెత్తి వెయ్యాలి. ఇంటి నుంచి రైల్వే ట్రైనింగ్ సెంటరుకి నాలుగు కిలోమీటర్లు. చక్కెర జబ్బు వచ్చిందని ఆయన్ని ఇంజిన్లోంచి దింపేసి, కొత్తగా చేరిన డ్రైవర్లకి పాఠాలు చెప్పమని అక్కడికి పంపారు, వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, బస్సు రాకపోతే ఎవరి బండి వెనకో మొహమాటంగా ఎక్కాలి. “నాలుగు కిలోమీటర్లకి ఓడ దేనికి నాన్నా, సరదాగా ఉండేదేదైనా కొనుక్కో” అని కూతురు ఫోన్లో అంది. సరదా. ఇన్నేళ్ల ఉద్యోగంలో బండి నడపడం పక్కన ఆ మాట పెట్టగా ఆయన వినలేదు, ఇంజిన్లో సరదా పడ్డ మనిషిని మర్నాడు విచారణకి పిలుస్తారు. “సరదాపడి కొంటే, నాల్రోజులకి సరదా తీరిపోతే?” అన్నాడు, ఏదో ఒక వంక. “తీరనివ్వండి. తీర్చుకోడానికే కదా సరదా ఉండేది” అంది భార్య, అని ఆ రెండో తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

తాళం పెట్టి తిప్పాడు. ఇంజిను గొంతు సవరించుకుంది. రెండుసార్లు కుదిపి ఆగిపోయింది, మూడోసారి క్లచ్ మీంచి కాలు నెమ్మదిగా తీస్తుంటే ఎక్కడో ఒకచోట పట్టు దొరికి, కదిలింది. గేటుకి ఎదురుగా రోడ్డు తిన్నగా సాగి ఉండటం ఆయన అదృష్టం. కదలడం కొత్త కాదు, కానీ తను ఎరిగిన కదలడం వేరు, వెనక పెట్టెలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని లేచినట్టు ఒక గుంజు, ఇంకో గుంజు, ఆ బరువంతా వీపుకి తెలిసేది, అంతమంది నిద్ర, అంతమంది తినే తిండి, ఏడ్చే పిల్లలు, పోట్లాడుకునే కిటికీ సీట్లు అన్నీ వీపు మీదే. ఇప్పుడు అద్దంలోకి చూస్తే ఖాళీ వెనక సీటు, దాని మీద ఎవరో మర్చిపోయిన గొడుగు. వీపు ఇంత తేలికగా కూడా ఉండగలదా అని ఆశ్చర్యపోయాడు. దూరంగా మలుపు బోర్డు కనపడగానే అలవాటు కొద్దీ బ్రేకు మీద కాలు వేశాడు, వేశాడో లేదో కారు ఉన్నచోటనే నిలబడిపోయింది, భార్య ముందుకు తూలింది, చేతిసంచి బోర్లా పడింది. “ఏమొచ్చిందని ఆపారు?” “ఆగింది” అన్నాడు. “మరి బ్రేకేస్తే ఆగదా?” ఆగుతుంది, ఆవిడకేం తెలుసు, ఆగాలని ఇక్కడ అనుకుంటే ఆగేది ఎక్కడో, బ్రేకు వేశాక కూడా ఒక పొలం, ఒక కల్వర్టు, ఇంకో పొలం గడిచి, ఇక చాలు మహాప్రభో అన్నాక గానీ నిలబడని దాన్ని నడిపినవాడికి, ఆగు అనగానే ఆగేదాన్ని చూస్తే ఏమనిపిస్తుందో ఆవిడకేం తెలుసు. మళ్లీ కదిలించాడు, మళ్లీ ఆపాడు. ఆగింది. ఇంకోసారి. వెనక స్కూటరువాడు ఏదో తిట్టుకుంటూ దాటిపోయాడు, పోనీ, ఆ తిట్టుకి తను తగినవాడే.

మలుపు వచ్చింది. అది రాకుండా పోతుందా, రోడ్డన్నాక. ముందు గోడ, గోడ మీద చిరిగిన పోస్టరు, ఎడమకి రోడ్డు. పట్టాలు తప్పడం అన్న మాట మామూలు మనుషులు ఎంత తేలిగ్గా వాడేస్తారో, ఫలానా వాళ్లబ్బాయి పట్టాలు తప్పాడు, ఫలానా పని పట్టాలు తప్పింది అని, ఆ మాట వింటే తను కాఫీ కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు కిందకి చూస్తే పట్టాలు లేవు. ఉన్నదంతా తప్పడమే. తారు, కాస్త దుమ్ము, ఎవడి దారి వాడు ఎంచుకోమని వదిలేసిన వెడల్పు. గట్టిగా పట్టుకున్న పిడికిళ్ల వంక భార్య చూసింది. “అంత బిగపట్టకండి, మెడ దగ్గర కుట్టు వంకర పోయేది అలా బిగపట్టినప్పుడే. గుడ్డ దానంతటదే పోతుంది, మీరు ఊరికే దారి చూపించండి.” చూపించాడు. చక్రాన్ని ఒక్క పిసరు తిప్పాడు, ఇంకో పిసరు, అప్పుడు జరిగింది ఆ సంగతి: గోడ తప్పుకుంది. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఎదుట లోకం రెండుగా చీలి చెవుల పక్కనుంచి వెనక్కి పోతూ ఉండేది, ముందు మాత్రం ఎప్పుడూ అదే చుక్క, పట్టాలు రెండూ కలిసినట్టు కనిపించే ఆ ఒక్క చుక్క. ఇప్పుడు ముందున్నదంతా కలిసికట్టుగా పక్కకి జరిగింది, గోడ, పోస్టరు, మందుల షాపు, మందుల షాపు మెట్ల మీద కూర్చున్న ముసలావిడ, తర్వాత ఆకాశం ముక్క, తర్వాత తను ఎన్నడూ చూడని వీధి ఒకటి తలుపు తీసినట్టు తెరుచుకుంది, ఆరేసిన దుప్పట్లతో, సైకిళ్లతో, మధ్యాహ్నపు ఎండతో. తను తిప్పితే తిరిగింది. లోకం తన మాట విన్నది. ఇంత పెద్ద సంగతి ఇంతమంది రోజూ చేస్తూ, పాటలు వింటూ, పళ్లు కుట్టుకుంటూ, ఏమీ జరగనట్టు ఎలా ఉండగలుగుతున్నారో ఆయనకి అర్థం కాలేదు.

ఇక పట్టాలెక్కింది, అంటే ఎక్కకుండానే ఎక్కింది, ఆయన ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు, పనిలేకపోయినా ఒక పార్కు చుట్టూ రెండు చుట్లు తిరిగాడు, గేరు మార్చినప్పుడల్లా ఆ చిన్నది ఉలిక్కిపడి ముందుకి దూకితే లోపల్నుంచి నవ్వొచ్చింది. సరదా అంటే ఇదా? పొట్టలో చక్కిలిగింత పెట్టినట్టు ఉంటుందా? తెల్లకారులో ఇది ఉండదు, అందులో కూర్చుంటే మనిషికి వయసు గుర్తొస్తుంది. ట్రాఫిక్ లైటు దగ్గర ఎర్రదీపం పడితే బుద్ధిగా ఆగాడు, దీపం మారింది, మారగానే కుడిచెయ్యి దానంతట అదే లేచి ముందుకి చాచుకుంది, నోరు దానంతట అదే తెరుచుకుని “ఆకుపచ్చ!” అని కేక పెట్టింది. పెట్టి, ఎదురుచూసింది. ఇంజిన్లో అది పద్ధతి, సిగ్నలు రంగు డ్రైవరు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు తనూ చూసి అదే రంగు తిరిగి చెప్పాలి, ఇద్దరి నోళ్లూ కలిస్తేనే ముందుకి. నోళ్లు కలవకపోతే బండి ఆపాలి. ఎంతమంది అసిస్టెంట్లు మారారో, బొంగురు గొంతులు, కీచు గొంతులు, తెల్లవారుజామున నిద్ర ఆపుకుంటూ పలికిన గొంతులు, ఎవరూ ఒక్క రంగు కూడా మింగలేదు. ఇప్పుడు వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి, దీపం ఆకుపచ్చగానే ఉంది, ఆయన కదలడం లేదు. “ఎవర్నండీ అరుస్తున్నారు?” అంది భార్య హడలిపోయి. చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహం చూసింది. “అయితే నేనూ అనాలా?” “అనాలి.” “సరే, ఆకుపచ్చ. పదండి ఇక, వెనకవాళ్లు కొట్టేట్టున్నారు.” అప్పుడు కదిలాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ తన వెనక రైలుపెట్టెలో కూర్చుంది, బస్సుల్లో పక్కన కూర్చుంది, ఇలా పక్కన కూర్చుని తను చూసిందే చూడటం ఇదే మొదలు. ఆ తర్వాత రెండు లైట్ల దగ్గర ఆవిడే ముందుగా అరిచేసింది, తప్పు, డ్రైవరు అరవక ముందు అరవకూడదు, చెబితే వినలేదు.

ట్రైనింగ్ సెంటరు గేటు దాకా వెళ్లి, అక్కడి వాచ్‌మన్ కళ్లు పెద్దవి చేసి సలాం కొడితే తనూ కొట్టి, ఇంటి దారి పట్టేసరికి రైల్వే గేటు పడింది. ముందు ఒక లారీ, పక్కన సైకిళ్లు. ఇంజిను ఆపాడు. ఇంత దగ్గర్లో, ఇంత కిందనుంచి, చేతిలో చక్రం పెట్టుకుని రైలు కోసం ఎదురుచూడటం ఎప్పుడూ లేదు, తను ఎప్పుడూ లోపలే కదా. ముందు నేల చెప్పింది వస్తోందని. సీటు వణికింది, అద్దం వణికింది, భార్య చేతిలో సీసాలో నీళ్లు వణికాయి. లోపల కూర్చున్నవాడికి ఈ వణుకు తెలియదు, ఇంతకాలం తను వెళ్లిన దారి పొడుగునా సీసాల్లో నీళ్లు వణికాయన్నమాట. వచ్చింది. ఇంతదా! అబ్బా, ఇంతదా తను నడిపింది! ఊరంత ఇనుము, చక్రం తర్వాత చక్రం, పెట్టె తర్వాత పెట్టె, కిటికీ ఊచల మీద చేతులు, అంత బలం అంత వేగం, ఒక్క వేలు వెడల్పు కూడా పక్కకి జరగలేదు, జరగలేదు, జరగలేదు, తోక కనపడే దాకా చూశాడు, ఎక్కడా జరగలేదు. అంత గొప్పదానికి ఎంత చేతగానితనం.

ముగ్గురు. పేర్లు ఎవరికీ చెప్పడు గానీ పేర్లు తెలుసు. మొదటి మనిషి గళ్లచొక్కా, లైను దాటుతుంటే చెప్పు ఊడిపోయింది, చెప్పు కోసం వెనక్కి వంగాడు. చెప్పు కోసం. తను బ్రేకు వేశాడు, ఉన్నదంతా వేశాడు, కూత మీట వదల్లేదు, ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఇనుము అరుస్తోంది, దూరం తరుగుతోంది, చేతులు ఖాళీ. మిగతా ఇద్దరప్పుడూ అంతే, చేతులు ఖాళీ. చావు ఎదురుగా వస్తుంటే రెండు చేతులూ పని లేకుండా ఒళ్లో ఉండటం ఎలా ఉంటుందో పెళ్లాంతో కూడా అనలేదు. మూడుసార్లూ విచారణ జరిగింది, మూడుసార్లూ డ్రైవరు తప్పు లేదన్నారు. ఇంట్లోనూ అదే, మీ తప్పేం లేదండి, మీ తప్పేం లేదు నాన్నా. నిజమే, తప్పు లేదు, తప్పించే దారీ లేదు. డ్రైవింగ్ స్కూలు మొదటి రోజు నేర్పేవాడు మంచికే అన్నాడు, ఎవరైనా అడ్డొస్తే కంగారు పడకండి సార్ అని, అంతే, చక్రం మీద వేళ్లు చల్లబడిపోయాయి. లైసెన్సు జేబులో మగ్గింది అందుకే. చక్రం చేతిలో ఉండగా కూడా ఆ చేతులు అలాగే ఒళ్లో ఉండిపోతే? అప్పుడెవరంటారు తప్పు లేదని?

గేటు లేచింది, లారీ కదిలింది, సైకిళ్లు కదిలాయి, ఆయనా కదిలాడు. లైను దాటాక లారీ కుడికి పోయింది, తను ఎడమ సందులోకి తిరిగాడు, రెండు వైపులా ఇళ్లు, అరుగుల మీద ఎండ, మనిషి అలికిడి లేదు. దారి మధ్యలో కుక్క పడుకుని ఉంది. గోధుమరంగు కుక్క, పక్కకి వాలి, నాలుగు కాళ్లూ చాపుకుని, ఆ వీధి దాని పేర రాసిచ్చినట్టు. చాలా దూరం నుంచే చూశాడు, అంత దూరం చూడటమే తన చదువు. కాలు బ్రేకు మీద పడింది. కారు ఆగింది. చెయ్యి హారన్ మీద పడింది. సన్నటి హారన్, పిల్లల బొమ్మలోంచి వచ్చినట్టు, కుక్క ఒక చెవి కదిపి ఊరుకుంది. మళ్లీ కొట్టాడు. చెయ్యి తియ్యలేదు. లేవదేం, లే, లేచిపోవే తల్లీ, లే. కారు ఆగే ఉంది, దానికీ తనకీ మధ్య నాలుగు ఇళ్ల దూరం ఉంది, అయినా ఆ దూరం తరుగుతోంది, ఇనుము అరుస్తోంది, నుదుటి మీంచి చెమట కంట్లోకి కారుతోంది, ఒక అరుగు మీదకి ఎవరో వచ్చి చూస్తున్నారు. భార్య మొదట నవ్వబోయింది. ఆయన వంక చూసి నవ్వు మానేసింది. హారన్ మీది చేతిని మెల్లగా తీసి చక్రం మీద పెట్టింది.

“ఏవండీ,” అంది, చాలా మామూలుగా, సంతలో ఎదురొచ్చినవాళ్లకి చెప్పినట్టు, “పక్కనుంచి పోనివ్వండి. బోలెడు చోటుంది.”

పక్కనుంచి. చూశాడు. నిజంగానే కుక్కకి కుడివైపు చోటుంది. ఒక కారు పోయేంత, ఇంకా మిగిలేంత. ఆ చోటు ఇందాకటి నుంచీ అక్కడే ఉంది, తన కళ్లే దాని మీద పడలేదు, వాటికి పక్క అన్నది చూడటం ఎవరూ నేర్పలేదు. ఇంతమంది గొంతులు విన్నాడు, ఇంతమంది అధికారులు, ఇన్ని రూళ్లు, పక్కనుంచి పోనివ్వు అని ఈ భూమ్మీద ఎవరూ తనతో అనలేదు, అనడానికి వీల్లేదు. క్లచ్ మీంచి కాలు తీశాడు. చేతులు తిప్పాయి. కారు మనిషి నడిచినంత నెమ్మదిగా కుడికి ఒరిగింది, అరుగుల అంచు తగలకుండా, కుక్క తోక తొక్కకుండా, ఆయన కిటికీ లోంచి తల బయటపెట్టి చూశాడు. కుక్క డొక్కలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి. చెవి మీద ఈగ వాలింది. ముక్కు దగ్గర దుమ్ము దాని ఊపిరికి కదులుతోంది. ఇంత దగ్గర్నుంచి, ఇంతసేపు, ఊపిరి తీస్తూ ఉన్నదాన్ని చూస్తూ దాటాడు. దాటాక చక్రాన్ని సరిచేశాడు, అద్దంలో చూశాడు. ఉంది. పడుకునే ఉంది.

కారాపి రెండు చేతులూ ఎత్తి మొహం ముందు పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడని ఆయనకి కాస్త ఆలస్యంగా తెలిసింది. భార్య చేతిసంచిలోంచి రుమాలు తీసి పట్టుకుని కూర్చుంది. “అప్పుడు...” అన్నాడు, “ఆ ముగ్గురప్పుడూ, నా చేతులు ఖాళీగా ఉన్నాయే. బ్రేకేశాక ఇక చెయ్యడానికేం లేదు. ఊరికే చూస్తూ కూర్చున్నా.” ఆవిడకి ముగ్గురి సంగతి తెలుసు, చేతుల సంగతి తెలియదు. రుమాలు ఇవ్వడం మర్చిపోయి, ఆ చేతుల్లో ఒకదాన్ని తన ఒళ్లోకి తీసుకుంది.

“కార్లాయనకి ఫోన్ చెయ్యి” అన్నాడు ఆయన ముక్కు చీదుకుని. “పసుపుదే అని చెప్పు. అల్లుడికి నేను చెప్పుకుంటాను.”

ఆవిడ ఫోన్ తీసి నంబరు వెతుకుతుండగా ఆయన గేరు వేశాడు. ఇంటికి పోవాలంటే తిన్నగా పోవాలి. ఆయన సందు చివరి దాకా వెళ్లి, నానా అవస్థలూ పడి, ముందుకీ వెనక్కీ చేసి కారు వెనక్కి మళ్లించాడు. “ఇటెందుకండీ?” అంది ఆవిడ, అని ఆయన చూస్తున్న వైపు చూసి ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. ఈసారి హారన్ కొట్టలేదు. కుక్కకి అవతలి పక్కనుంచి, ఇంకాస్త ఎడంగా, నిద్రపోతున్న పసిపిల్ల మంచం పక్కనుంచి నడిచినట్టు పోనిచ్చాడు. కుక్క లేవలేదు. లేవాల్సిన అవసరం దానికి రాలేదు.